రెండు ఆసులు, ఒక కొండ పేరు

జూన్ ఆరు, శుక్రవారం, సాయంత్రం ఆరున్నరకు బ్లఫ్ అనే రేవు ఊళ్లో రిపెకా లీస్క్ ఇంటికి మాల్టా నుంచి ఫోన్ వచ్చింది. పోకర్ కంపెనీ మనిషి ఆమెతో మాట్లాడటం అదే మొదటిసారి.

ఇప్పటిదాకా తేలినవి ఇవి. రిపెకాకు యాభై ఎనిమిదేళ్లు. రేవులోని ఆయిస్టర్ షెడ్డులో గుల్లలు విప్పుతుంది. మార్చి ఆఖరి ఆదివారం ఆన్‌లైన్‌లో ఒక శాటిలైట్ ఆడింది. శాటిలైట్ అంటే పెద్ద పోటీలోకి చేర్చే చిన్న పోటీ. గెలిచినవాళ్లకు డబ్బు రాదు, పెద్ద పోటీలో సీటు వస్తుంది. ఆ రోజు నాలుగు వందల మంది ఆడితే ఐదు సీట్లు. ఒకటి రిపెకాకు వచ్చింది. జూన్ పద్నాలుగున ఆక్లాండ్‌లో ఆట.

ఏప్రిల్ రెండున ఆమె ఎప్పటిలాగే టీటీ అనే సముద్రపు పిట్టల వేటకు తమవాళ్ల దీవికి వెళ్లింది. దీవిలో ఫోన్ పనిచేయదు. పడవలతో మాట్లాడే రేడియో ఒక్కటే ఉంటుంది. మే ఆఖరున ఇంటికి వచ్చి చూసుకుంటే సీటు రద్దయింది, ఖాతా మూతపడింది. కారణం ఒక్క వాక్యంలో ఉంది: న్యాయమైన ఆట నియమాన్ని ఉల్లంఘించినందుకు. ఏ నియమం, ఎలా ఉల్లంఘించింది అన్నది రాయలేదు.

ఆమె కంపెనీ సహాయ విభాగానికి రాసింది. లియో అనే పేరుతో జవాబు వచ్చింది. మీ సహనానికి ధన్యవాదాలు అన్నాడు లియో. మర్నాడు మళ్లీ రాసింది. మళ్లీ అదే జవాబు. ఐదో రోజు, "నాకు సహనం ఉందని నీకెవరు చెప్పారు?" అని రాసింది. లియో ఆ సహనానికి కూడా ధన్యవాదాలు చెప్పాడు.

దారి లొరేన్ కనిపెట్టింది. షెడ్డులో రిపెకా పక్క బల్ల ఆమెది. గురువారం మధ్యాహ్నం పని ముగిశాక లొరేన్ తన పేరుతో కొత్త ఖాతా తెరిచి, పెద్ద మొత్తం జమ చేయాలని ఉంది, ఎవరైనా ఫోన్ చేయగలరా అని రాసింది. పావుగంటలో ఫోన్ మోగింది. అవతలి మనిషికి లొరేన్ తన ఖాతా సంగతి చెప్పలేదు. రిపెకా ఫిర్యాదు నంబరు చెప్పింది. మర్నాడు సాయంత్రానికి సమయం ఇచ్చేదాకా ఫోన్ పెట్టలేదు.

అందుకే శుక్రవారం రిపెకా వంటింట్లో ఏడుగురు ఉన్నారు. రిపెకా, లొరేన్, షెడ్డు ఆడవాళ్లు నలుగురు, ఇంకా ఇహాయా. ఇహాయా రిపెకాకు పినతండ్రి కొడుకు. దీవులకు మనుషులను దాటించే పడవ అతనిది. పొయ్యి మీద టీటీ పిట్టలు ఉడుకుతున్నాయి. ఉప్పు తగ్గడానికి రెండుసార్లు నీళ్లు పారబోశారు, ఇది మూడో నీరు.

"ఆ కిటికీ తెరవండర్రా," అంది లొరేన్. "ఈ వాసన మాల్టా దాకా పోతుంది. మనం ఏదో తగలబెడుతున్నామని ఇంకో కేసు పెడతారు."

"తినేటప్పుడు వాసన గుర్తురాదు నీకు," అన్నాడు ఇహాయా. "పోయినేడు నా వాటాలో మూడు తిన్నావు."

"నువ్వు పెట్టావు, నేను తిన్నాను. కాదంటే బాగుండదని తిన్నాను."

ఫోన్ మోగింది. రిపెకా చేతులు తుడుచుకుని, ఫోన్‌ను బల్ల మధ్యలో పెట్టి, అందరికీ వినపడేలా స్పీకర్ నొక్కింది.

"రిపెకా లీస్క్ గారేనా? నా పేరు గ్రాజియెల్లా. ఆటల పరిశీలన విభాగం నుంచి మాట్లాడుతున్నాను. మీ సహనానికి..."

"ఆ మాట అనకండి," అంది రిపెకా. "మిగతాది చెప్పండి."

గ్రాజియెల్లా, "సరే మేడమ్," అంది. కాగితాలు తిప్పిన చప్పుడు వినపడింది. "మీరు ఒక్కరే ఉన్నారా?"

"లేను. ఇది మా ఇల్లు."

"వేరేవాళ్లు వింటున్నా మీకు అభ్యంతరం లేదా?"

"వినాలనే పిలిచాను. నన్ను దొంగ అన్నారు మీరు. అది ఊరంతా విన్నది. మిగతాది కూడా ఊరు వినాలి."

గ్రాజియెల్లా మొదట ఆఖరి ఆట గురించి చెప్పింది. ఆ సమయానికి ఆరుగురు మిగిలారు. సీట్లు ఐదు. ఆరో మనిషి దగ్గర ఇంకొక్క చేతికి సరిపడా చిప్స్, అంటే పందెం బిళ్లలు, ఉన్నాయి. అప్పుడు 'మటన్‌బర్డ్' అనే పేరుతో ఆడుతున్న మనిషి తన దగ్గరున్నదంతా ముందుకు తోశాడు. అతని చిప్స్ రిపెకా కంటే ఎక్కువ. రిపెకా చేతిలో రెండు ఆసులు ఉన్నాయి. పోకర్‌లో మొదటి రెండు ముక్కలుగా అంతకంటే పెద్ద చేయి లేదు. ఆమె డ్రాప్ అయింది.

"మీ మెషీన్ పట్టుకుంది దాన్నేనా?" అంది రిపెకా.

"మెషీన్ దాన్నే పట్టుకుంది. కానీ నేను దాన్ని తప్పు పట్టను. ఆ డ్రాప్ సరైనదే మేడమ్. శాటిలైట్‌లో మొదటివాళ్లకీ ఐదోవాళ్లకీ ఒకటే సీటు. ఇంకో చేయి ఆగితే ఆరో మనిషి పోతాడు. ఆ పరిస్థితుల్లో ఆసులు పట్టుకుని ఎదురెళ్లడం తెలివితక్కువ పని. నేనైనా పడేసేదాన్ని."

లొరేన్ రిపెకా వైపు చూసి, "విన్నావా? మొన్న నేను కూడా నిన్ను పిచ్చిదానివి అన్నాను," అంది.

"అన్నావు. రెండుసార్లు."

"ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కసారిది."

"మరి సీటు ఎందుకు పోయింది?" అంది రిపెకా ఫోన్ వైపు తిరిగి.

"ఆ చేతికి ముందు మీరిద్దరూ ఆట పక్కనున్న చాట్‌లో రాసుకున్నారు. ఐదు వాక్యాలు. ఇంగ్లీషులో కాదు. బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప వేరే భాష రాయకూడదు. మిగతావాళ్లకు అర్థం కాని భాషలో ఇద్దరు మాట్లాడుకుని, వెంటనే ఒకరు ఉన్నదంతా తోసి, రెండోవాళ్లు ఆసులు పడేస్తే," అంది గ్రాజియెల్లా, "దాన్ని మేం ఏమని అనుకోవాలి?"

"ఏం రాశామో మీ దగ్గర ఉంది కదా. చదవండి."

"నాకు పలకడం రాదు."

"మాకొచ్చు, మా తాతల భాష అది. మీరు మొదలుపెట్టండి."

గ్రాజియెల్లా చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం రిపెకాది. "నో హియా కో..."

"హెఆ," అన్నారు ముగ్గురు ఒకేసారి.

"నో హెఆ కోఎ."

"అదీ. ఎక్కడి మనిషివి అని అడిగాను," అంది రిపెకా. "ఎందుకంటే అతను పెట్టుకున్న పేరు మటన్‌బర్డ్. టీటీ పిట్టకు అది ఇంకో పేరు. ఆ పిట్టను తినేవాళ్లం మేమే, ఆ పేరు పెట్టుకునేవాళ్లమూ మేమే. నాలుగు వందల మందిలో ఒకడు కనిపించాడు. అడగనా?"

"రెండో వాక్యం ఆయనది. కో మోటు... మోటుపో..."

"మోటుపోహుఎ," అన్నాడు ఇహాయా. "అది మా కొండ, అమ్మా. నా వెనకాలే ఉంది. కావాలంటే కిటికీలోంచి ఫోటో తీసి పంపుతాను."

"నువ్వు నోర్ముయ్యి," అంది రిపెకా. "చూడండమ్మా. మావాళ్లలో ఎవరైనా ఎదురైతే ముందు పేరు అడగం. ఏ కొండ, ఏ నీళ్లు, ఎవరి మనుషులు అని అడుగుతాం. పేరు ఆఖర్న వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. అతను తన కొండ చెప్పాడు. అది నా కొండే. నేను మా నీళ్లు చెప్పాను. అవీ అతనివే. నాలుగో వాక్యంలో అతను తన దీవి చెప్పాడు."

"తె కావౌ," అంది గ్రాజియెల్లా. ఈసారి ఎవరూ దిద్దలేదు.

"అది మా దీవి. ఐదో వాక్యంలో నేను, ఆక్లాండ్‌లో కలుద్దాం, తిండి నేను తెస్తాను అన్నాను. ఇంతే. ఇందులో పేక ముక్కల మాట ఒక్కటైనా ఉందా?"

"లేదు. తర్జుమా చేయించాం. లేదు."

"ఎప్పుడు చేయించారు?"

"ఈ వారం."

"మరి సీటు ఏప్రిల్‌లో తీసేశారు."

షెడ్డు ఆడవాళ్లలో ఒకామె పొయ్యి దగ్గరికి వెళ్లి మంట తగ్గించి వచ్చింది.

"మేడమ్," అంది గ్రాజియెల్లా, "నియమం నియమమే. నాదీ చిన్న భాషే. మా అమ్మతో మాట్లాడే భాషలో నేను ఒక్క ముక్క రాసినా నా ఖాతా కూడా ఆగిపోతుంది."

"మీరు దానికి ఒప్పుకున్నారా?"

"ఉద్యోగం మేడమ్."

"అది మీ ఇష్టం. నాకు అక్కడ ఉద్యోగం లేదు."

గ్రాజియెల్లా కంపెనీ నిర్ణయం చదివి వినిపించింది. రిపెకాకు రెండు దారులు ఉన్నాయి. మొదటిది, ఒక కాగితం మీద సంతకం. ఇతరులకు తెలియని భాషలో, ముందుగా అనుకున్న ప్రకారం, ఇంకొక ఆటగాడికి సహకరించాను అని అందులో ఉంటుంది. సంతకం పెడితే ఖాతా తెరుస్తారు. ఆక్లాండ్ సీటు రాదు. దాని బదులు చిన్న ఆటలకు ప్రవేశాలు ఇస్తారు. రెండోది, సంతకం పెట్టకపోవడం. అప్పుడు ఆమె పేరు ఆక్లాండ్ నిర్వాహకులకు వెళ్తుంది. అక్కడి హాల్లో ఏ పోటీకీ ఆమెను రానివ్వరు. సొంత డబ్బు కట్టినా రానివ్వరు.

"గడువు బుధవారం," అంది గ్రాజియెల్లా. "నా సలహా అడిగితే సంతకం పెట్టమంటాను. ఎవరికీ కనిపించని కాగితం అది. మా ఫైల్లో ఉంటుంది, అంతే."

వంటింట్లో అందరూ రిపెకా వైపు చూశారు. ఆయిస్టర్ షెడ్డు గోడ మీద, ఎవరు ఎన్ని డజన్లు విప్పారో రాసే నల్లబల్ల పైన, ఏప్రిల్ నుంచి ఒక వరస ఉంది: రిపెకా, ఆక్లాండ్, జూన్ పద్నాలుగు. సీటు పోయిందని తెలిసిన రోజు మేనేజరు గుడ్డ తీసుకుని అక్కడికి వెళ్తే, చెయ్యి పెట్టి చూడు అంది లొరేన్. మేనేజరు చెయ్యి పెట్టలేదు. ఆ వరస ఇప్పటికీ అక్కడే ఉంది.

రిపెకా కుర్చీ జరుపుకుని ఫోన్‌కు దగ్గరగా కూర్చుంది.

"గ్రాజియెల్లా గారూ, నేను పేక నేర్చుకుంది దీవిలో. మా అమ్మమ్మ నేర్పింది. అక్కడ డబ్బు పెట్టి ఆడం. ఓడినవాళ్లు మర్నాడు నీళ్లు మోయాలి. కొండ కిందికి దిగి బకెట్లు మోసుకురావాలి. మా అమ్మమ్మ సొంత మనవలని కూడా చూడలేదు, చిన్నపిల్లనని నన్నూ వదల్లేదు. ఆరేళ్లప్పుడు మోశాను. ఆ తర్వాత తక్కువసార్లు మోశాను."

"ఇరవై ఏళ్లుగా మేమే మోస్తున్నాం," అన్నాడు ఇహాయా. "నా నడుం చూస్తే తెలుస్తుంది."

"మా దీవిలో ఎవరైనా చూసీ చూడనట్టు ఒకరికి ఆట వదిలేస్తే," అంది రిపెకా, "ఆ మనిషితో మళ్లీ ఎవరూ ఆడరు. అంతకంటే సిగ్గు లేదు మాకు. నేను ఆ రాత్రి ఎవరికీ ఏదీ వదల్లేదు. నా సీటు కోసం నా ఆసులు పడేశాను. మీరే అన్నారు సరైనదని. ఇక భాష సంగతి. బల్ల దగ్గర వేరే భాష రాయకూడదన్నారు. రాశాను. ఆ నియమం చదవలేదు. తప్పు నాదే. దానికి ఏ శిక్ష ఉంటే అది వేయండి, ఒక వారం ఆడొద్దనండి, నెల ఆడొద్దనండి, ఊరుకుంటాను. కానీ నా కొండ పేరు చెప్పడం దొంగ సైగ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టను. అది ఎవరికీ కనిపించకపోయినా పెట్టను. నాకు కనిపిస్తుంది."

"హాల్లోకి రానివ్వరు మేడమ్. ఎప్పటికీ."

"గుమ్మం దాకా రానిస్తారు కదా. అక్కడ నిలబడతాను. ఎవరైనా అడిగితే ఎందుకు నిలబడ్డానో చెబుతాను. రెండు భాషల్లో చెబుతాను."

లొరేన్ చేత్తో బల్ల మీద కొట్టింది. ఫోన్ ఎగిరిపడింది. ఇహాయా లేచి నిలబడి, తానెందుకు లేచాడో తెలియనట్టు మళ్లీ కూర్చున్నాడు.

చప్పుడు ఆగాక గ్రాజియెల్లా, "నేను మీ మాట నమ్మాలనే అనుకుంటున్నాను," అంది. "అందుకే ఇంకో సంగతి అడుగుతాను. ఏప్రిల్ నాలుగున మీ ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపాం. వారంలో సంజాయిషీ ఇవ్వమన్నాం. మీరు ఇవ్వలేదు. దీవిలో ఉన్నానని రాశారు. ఆయన ఇచ్చారు."

"ఎవరు?"

"మటన్‌బర్డ్."

"ఏమని ఇచ్చాడు?"

"పేరు చెప్పడానికి నాకు అనుమతి లేదు. ఆయన రాసింది చదవగలను, మీ మీద ఆరోపణ అదే కాబట్టి." కాగితం చప్పుడు. "ఆమె ఎవరో నాకు తెలుసు. కొండ పేరు వినగానే నాకు దారి ఇచ్చింది. నేను అడగలేదు, తనే ఇచ్చింది. ఇందులో నా తప్పు లేదు." గ్రాజియెల్లా చదవడం ఆపింది. "ఇది వచ్చాకే మీ సీటు రద్దు చేశాం. సహకరించినందుకు ఆయన సీటు ఉంచాం. పద్నాలుగున ఆయన ఆడుతున్నారు."

పొయ్యి మీద మూత కదులుతున్న చప్పుడు వినపడింది.

"ఆమె ఎవరో నాకు తెలుసు అని రాశాడా?" అంది రిపెకా.

"అవును."

"నాకు అతనెవరో తెలియదు. ఏ బ్రిస్బేన్‌లోనో ఉంటున్న మావాడు అనుకున్నాను. అక్కడ చాలామంది ఉన్నారు."

"లేదు మేడమ్. మా అనుమానం మొదలైందే అక్కడ. మీదీ ఆయనదీ ఒకే ఊరు. ఆట రోజు ఇద్దరూ బ్లఫ్ నుంచే ఆడారు. ఏప్రిల్ తొమ్మిదిన ఈ సంజాయిషీ కూడా బ్లఫ్ నుంచే పంపారు. ఆయనకు కుదిరింది, మీకు కుదరలేదు. మావాళ్లు అడిగే ప్రశ్న అదే."

రిపెకా, "ఆయన తన మాట వెనక్కి తీసుకుంటే?" అని అడిగింది.

"రాతపూర్వకంగా తీసుకుంటే మళ్లీ విచారిస్తాం. బుధవారం మధ్యాహ్నంలోగా నాకు అందాలి. నా సొంత మెయిల్ చిరునామా ఇస్తాను. లియోకు పంపకండి."

లొరేన్ ఆ చిరునామాను పాత కరెంటు బిల్లు వెనక రాసుకుంది. గ్రాజియెల్లా సెలవు తీసుకుని ఫోన్ పెట్టేసింది. ఈసారి సహనం మాట ఎత్తలేదు.

"బ్లఫ్‌లోనే ఉన్నాడట," అంది లొరేన్. "ఎవడే వాడు? రోజూ మన ముందే తిరుగుతూ ఉంటాడు. చెప్పు, సోమవారం షెడ్డుకు పిలిపిస్తాను. కత్తులు మన చేతిలోనే ఉంటాయి."

రిపెకా ఇహాయా వైపు తిరిగింది.

"తె కావౌ మాదని చెప్పుకునే హక్కు ఎంతమందికి ఉంది?"

"నాలుగు కుటుంబాలకు," అన్నాడు ఇహాయా. "నీకు తెలియనిదా అక్కా?"

"నాలుగు కుటుంబాలనీ ఈ ఏడు దాటించింది నువ్వే. ఏప్రిల్ తొమ్మిదిన అందరం అక్కడే ఉన్నాం. అవునా?"

"అవును."

"అందరం?"

ఇహాయా చేతిలోని కప్పు బల్ల మీద పెట్టాడు. కప్పును కొంచెం జరిపాడు. మళ్లీ జరిపాడు.

"ఇహాయా."

"ఒక్కరు రాలేదక్కా."

"ఎవరో చెప్పు. వీళ్లందరి ముందూ చెప్పు."

"ఎవరో నీకు తెలుసు. మోకాలు పట్టేసింది, పడవ ఎక్కలేను, కర్ర లేకుండా గుమ్మం కూడా దాటలేకపోతున్నాను అన్నాడు. నేనే వెళ్లి అడిగాను. మంచం మీద ఉన్నాడు. మొన్న కూడా కర్రతోనే కనిపించాడు." ఇహాయా తల ఎత్తలేదు. "టూమోనా అన్నయ్య."

టూమోనా లీస్క్ రిపెకాకు తోడబుట్టిన అన్న. వయసు అరవై నాలుగు. రిపెకాతోపాటే, అదే అమ్మమ్మ దగ్గర పేక నేర్చుకున్నాడు. ఆమె ఇంటికి రెండు వీధుల అవతల, కొండ వైపు, ఒంటరిగా ఉంటాడు.

"కాకపోవచ్చు," అంది లొరేన్. ఆమె గొంతు తగ్గింది. "ఎవరైనా దీవి పేరు చెప్పుకోవచ్చు కదే."

"చెప్పుకోరు," అంది రిపెకా.

ఆమె లేచి పొయ్యి ఆర్పింది. తలుపు వెనక కొక్కేనికి ఉన్న కోటు తీసి తొడుక్కుంది. లొరేన్ కూడా లేవబోయింది. రిపెకా వద్దని చెయ్యి చూపింది. ఇహాయా కారు తాళాలు తీశాడు. అతన్ని కూడా ఆగమంది.

"మీరు తినండి," అంది. "చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది."

బయట వాన లేదు. దీవుల వైపు జలసంధి నుంచి గాలి వీస్తోంది. ఆమె రెండు వీధులూ నడిచింది. టూమోనా ఇంటి ముందు గదిలో దీపం వెలుగుతోంది. ఆమె తలుపు తట్టింది. లోపల అడుగుల చప్పుడు వినపడింది.

టూమోనా కర్ర లేకుండా నడిచివచ్చి తలుపు తీశాడు.